ఇరవయ్యేడు మైళ్ల మాట

నరసన్నపేట బస్టాండు పక్కన తెల్లారి ఆరింటికల్లా అప్పలసూరి కారు కడగడం మొదలుపెడతాడు. రెండు బకెట్ల నీళ్లు, ఒక పాత లుంగీ ముక్క, ముప్పావు గంట. అది ముదురాకుపచ్చ మోరిస్. శ్రీకాకుళంలో ఒక డాక్టరుగారు పదేళ్లు నడిపి వదిలించుకుంటూ ఉంటే, అప్పలసూరి మెట్టభూమి ముక్క అమ్మి తెచ్చుకున్నాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది. వెనక తలుపు తియ్యాలంటే మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పిడి తిప్పాలి. ఆ సంగతి తెలియని వాళ్లు ఎక్కితే, ఊరు చేరాక కాసేపు లోపలే ఉండిపోతారు.

కడగడం అయ్యాక సీట్లు తుడుస్తాడు. తన సీటు ఒకసారి, వెనక సీటు ఒకసారి, ముందు ఎడమపక్క సీటు రెండుసార్లు. అది దాలమ్మ సీటు. ఆమె పోయి మూడేళ్లయింది. పెళ్లివాళ్లు తొమ్మిదిమంది ఎక్కి ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూర్చుని అవస్థ పడినా, ఆ సీటు జోలికి పేటవాళ్లెవరూ పోరు.

బతికున్నప్పుడు దాలమ్మ కారెక్కిందంటే అక్కడే కూర్చునేది. వేగం ఇరవయ్యేడు మైళ్లు దాటితే ఆమెకి కడుపులో తిప్పేది. అంతకి తగ్గితే, "దీనికన్నా మా అయ్య ఎడ్లబండి నయం" అనేది. అందుకని ఆమె పక్కన ఉన్నంతసేపూ అప్పలసూరి స్పీడు ముల్లుని ఇరవయ్యేడు మీద నిలబెట్టి, కదలనిచ్చేవాడు కాదు. అప్పట్లో అతని కుడికాలు చెప్పినమాట వినేది.

ఆ రోజుల్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలికేవారు కాదు. అందులోనూ దాలమ్మ పట్టుదల మనిషి. మొగుడి పేరులో సూరి ఉందని సూర్యుణ్ణి జన్మలో సూరీడనలేదు, పొద్దు అనే అంది. అరసవిల్లి దేవుడికి పొద్దుసామీ అనే దండం పెట్టింది. అప్పడాల్ని గుండ్రాలంది. రేషను కార్డు రాసే గుమస్తా భర్త పేరేమిటమ్మా అని అడిగితే పక్కనున్న కూతురు అమ్మడి భుజం గిల్లేది, అమ్మడు చెప్పేది. ఇరవై రెండేళ్ల కాపురంలో అప్పలసూరి తన పేరు ఆ గొంతులో ఒక్కసారి కూడా వినలేదు. వినాలని అనుకోనూ లేదు. అలాంటి కోరికలు పుట్టడానికి కూడా కొంచెం తీరిక కావాలి.

ఆమె శ్రావణమాసంలో పోయింది. ఆ పొద్దున జ్వరంతో పడుకుని ఉంది. పెళ్లికొడుకుని విజయనగరం తీసుకెళ్లే బేరం అప్పలసూరి వారం ముందే ఒప్పుకుని ఉన్నాడు. వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇరుగుపొరుగు వాళ్లు అరుగు మీద తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు. పదిహేనేళ్ల అమ్మడు అప్పటికి శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కబురందుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "జొరం మనిషిని ఒగ్గేసి ఎలా ఎల్లేవు?" అని ఒక్కటే అడిగింది.

చెప్పడానికి అప్పలసూరి దగ్గర ఒక జవాబు ఉంది గానీ, అది గట్టిగా లేదు. ఎల్లమని ఆమే అందని అతనికి జ్ఞాపకం. కానీ ఆ జ్ఞాపకాన్ని రోజూ తీసి చూసుకుని చూసుకుని అరగదీసుకున్నాడు. ఎల్లు అని నోటితో అందా, ఎల్లమంటావా అని తనడిగితే తలూపిందా, ఊరికే కళ్లు మూసుకుంటే తనే అలా అనుకున్నాడా. పైగా చచ్చిపోయిన మనిషి మీదికి తోసేసి తను బయటపడటం అతనికి చేతకాలేదు.

మూడో నెలలో దాలమ్మ కారులో మాట్లాడటం మొదలుపెట్టింది. ముల్లు ఇరవయ్యేడు మీద నిలబడితే ఆమె గొంతు ముందు సీట్లోంచి వచ్చేది. ఇరవయ్యారులో గొంతు సవరించుకున్నట్టుండేది, ఇరవయ్యెనిమిదిలో ఏమీ ఉండేది కాదు. పోయినవాళ్లకి తొందరేముంది, అక్షరానికీ అక్షరానికీ మధ్య అరమైలు తీసుకునేది. మధ్యలో వేగం తప్పితే మళ్లీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకునేది. "తలుపేసావా" అనడానికి రెండు మైళ్లు పట్టేది. వెనక సీట్లో కూర్చున్న ఎరువుల కొట్టు జగన్నాధం అది విని, తన కొట్టు తలుపు వేశాడో లేదో అనుమానం వచ్చి, దారిలో దిగి బస్సెక్కి వెనక్కి వెళ్లిపోయాడు. పూలమ్మే తాయారు శ్రీకాకుళం వెళ్లేటప్పుడల్లా, "ఇరవయ్యేడులో పోనీ అన్నా, వొదిన్ని ఒకటడగాలి" అని, మామిడికాయ ఊరగాయలో మెంతులు ఎప్పుడు వెయ్యాలో అడిగేది. కొన్ని రోజుల తరవాత దాలమ్మకి బుద్ధిపుడితే చెప్పేది.

మరుసటి వేసవిలో అమ్మడు పరీక్షలు రాసి ఇంటికొచ్చింది. వారం రోజులు తండ్రికి అన్నం వడ్డించింది, మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పెట్టె సర్దుకుని కారు దగ్గరకొచ్చి నిలబడింది. "అమ్మ నీ కారులో మాటాడతాదంట కదా. అడుగు. జొరంతో ఉన్నప్పుడు ఎందుకు ఒగ్గేసి ఎల్లిపోనావో అమ్మనే అడుగు" అంది. కారెక్కమంటే ఎక్కలేదు. బస్సులో చీపురుపల్లి వెళ్లి, పిన్ని జగ్గమ్మ దగ్గర ఉండిపోయింది. జగ్గమ్మ దాలమ్మకి చెల్లెలు, రైల్వే స్టేషను బయట ఇడ్లీ కొట్టు నడుపుతుంది.

ఆ మర్నాటి నుంచి దాలమ్మ తలుపుల గురించీ మెంతుల గురించీ మాట్లాడటం మానేసింది. ఒక్కటే మాట ఎత్తుకుంది. "నానే."

ఆ తరవాతది రాలేదు. ఎందుకంటే అప్పటికి అప్పలసూరి కుడికాలికి బోదకాలు వచ్చింది. ఆ జిల్లాలో ఇంటికొకరికి ఉండేదే, ఎవరూ దాచుకునేది కాదు. బరువైన కాలుకి బ్రేకు తొక్కడం ఒక లెక్క కాదు. నాజూగ్గా పెడలు మీద ఆనించి, ముల్లుని ఒక్కచోట పట్టి ఉంచడమే రాదు. పాదం ఎక్కడ ఆగిందో పాదానికే తెలిసేది కాదు. అరమైలు, మహా అయితే ముప్పావు మైలు. ముల్లు జారిపోయేది, దాలమ్మ మళ్లీ "నా" దగ్గరకి వచ్చేసేది.

రెండేళ్లు ఇలాగే గడిచాయి. ఆ మాట ఎలా ముగుస్తుందో బస్టాండులో తలా ఒకటి చెప్పారు. "నానే వస్తాను అంటాది సూడండి" అన్నాడు కిళ్లీకొట్టు లక్ష్ముడు. "నానే మోసపోనాను అంటాదేమో" అంది తాయారు. అప్పలసూరి నవ్వి ఊరుకునేవాడు. అతను భయపడే మాట ఒకటుంది, అది ఎవరికీ చెప్పలేదు. నానే ఉండమన్నాను, నువ్వే ఎల్లిపోనావు. అదే అయితే అదే విందామని ఉండేది. ఆ గొంతులో తిట్టయినా సరే పూర్తిగా వినాలని ఉండేది.

ఒకరోజు విశాఖపట్నం నుంచి మందుల కంపెనీ ఏజెంటొకాయన శ్రీకాకుళం ఆస్పత్రికని కారెక్కాడు. అప్పలసూరి కాలు పెడలు మీద కిందా మీదా పడుతూ ఉంటే కాసేపు చూసి, "అమెరికాలో కొత్త రకం కార్లొచ్చాయట. వేగం ఒకచోట పెట్టేసి కాలు తీసెయ్యొచ్చు. కారు అదే వేగంతో పోతూ ఉంటుంది. ఇంగ్లీషు పత్రికలో బొమ్మ వేశారు" అన్నాడు.

"కాలు తీసేసినాక కూడానా?"

"ఆఁ, ఆనించక్కర్లేదు."

అప్పలసూరి ఆస్పత్రి దగ్గర ఆపడం కూడా మరచిపోయి, ఏజెంటుగారిని నాగావళి వంతెన దాకా తీసుకుపోయాడు. ఆయన బ్యాగుతో కిటికీ మీద కొట్టాక గానీ ఆగలేదు.

తిరిగొచ్చి నేరుగా రైసుమిల్లుకి పోయాడు. అక్కడ ఎల్లాజీ ఇంజను ఫిట్టరు. నలభయ్యేళ్లవాడు, చేతులు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. నిరుడు మిల్లుకి కరెంటొచ్చింది. మోటారుకి ఫిట్టరు అక్కర్లేదు, స్విచ్చి నొక్కే మనిషి చాలు. పాత ఆయిలింజను షెడ్డులో మూలపడింది. ఎల్లాజీ మాత్రం రోజూ వచ్చి దాన్ని గుడ్డతో తుడిచి, పక్కన కూర్చుని బీడీ కాల్చుకుని పోతున్నాడు. అప్పలసూరి చెప్పిందంతా విని అతను నవ్వాడు.

"అమెరికావోడు ఇప్పుడు కనిపెట్టినాడేటి మావా? మన మిల్లింజనుకి మా అయ్య నాటినుంచీ ఉన్నాది. ఇదిగో, సూడు" అని ఇంజను పక్కన తుప్పుపట్టిన రెండు ఇనప గుండ్లని చూపించాడు. "దీన్ని గవర్నరంటారు. ఇంజను జోరెక్కితే ఈ గుండ్లు ఎడంగా లేస్తాయి. లేస్తే ఈ కడ్డీ నూనె తగ్గిస్తాది. జోరు తగ్గితే గుండ్లు దిగుతాయి, నూనె పెరుగుతాది. ధాన్యం ఎంత పోసినా, పొయ్యకపోయినా ఇంజను ఒకే జోరులో ఆడతాది."

"నా కారుకి పెట్టగలవా?"

"నూనెకి బదులు పెట్రోలు. అంతే కదేటి."

అంత సులువుగా ఏం కాలేదు. మిల్లు యజమాని నరసింగరావుని అడిగి గవర్నరు ఊడదీసుకోవడం ఒక పూట పని. దాన్ని మోరిస్ ఇంజను పక్కన బిగించడానికి వారం పట్టింది. ఫ్యాను బెల్టు పక్కన ఇంకో బెల్టు వేసి గుండ్లు తిరిగేలా చేశాడు. గవర్నరు కడ్డీ నుంచి కార్బురేటరుకి సైకిలు బ్రేకు తీగ లాగాడు. స్టీరింగు కింద తలుపు గొళ్లెం ఒకటి బిగించాడు. గొళ్లెం వేస్తే పెత్తనం గవర్నరుది, తీస్తే కాలుది. ఎదురుగా గేదె వస్తే గొళ్లెం వెతుక్కోలేరు కదా, అందుకని కళింగపట్నం నుంచి వలలు అల్లే నైలాను తాడు తెప్పించి, బ్రేకు పెడలుకీ గొళ్లేనికీ కట్టాడు. బ్రేకు తొక్కితే గొళ్లెం దానంతటదే ఊడిపోతుంది.

మొదటిసారి బయల్దేరినప్పుడు కారు తొమ్మిది మైళ్లు దాటలేదు. గడ్డిమోపులతో పోతున్న ఎడ్లబండి వీళ్లని దాటుకుని పోయింది, బండివాడు వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. ఎల్లాజీ తల పట్టుకున్నాడు. అతను లెక్క మిల్లింజనుకి కట్టాడు. మిల్లింజను నిదానంగా తిరిగేది, కారింజను దానికి మూడింతలు తిరుగుతుంది. కారు ఎటూ పోకముందే గుండ్లు రెక్కలు చాపేసి పెట్రోలు నొక్కేస్తున్నాయి. పుల్లీ మార్చి పెద్దది వేశాడు.

రెండోసారి కారు ఇరవయ్యేడుకి చేరింది. చేరి, దాటింది. దాటగానే గవర్నరు వెనక్కి లాగింది. ఇరవై ఆరుకి దిగి మళ్లీ ఎగిరింది. ఉయ్యాల ఊగినట్టు ముల్లు ముందుకీ వెనక్కీ పోయింది. ఇరవయ్యేడు మీదుగా పోయిన ప్రతిసారీ దాలమ్మ మొదటినుంచి ఎత్తుకుంది. "నా. నా. నా. నా." ఎల్లాజీకి నవ్వాగలేదు. అప్పలసూరి నవ్వలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే వింటూ ఉండిపోయాడు. నా, నా అని ఆమె తననే అంటున్నట్టుంది, ఇలాగే ఉంచేస్తే మాత్రం ఏం పోయింది అనిపించింది.

ఎల్లాజీ ఆ ఊగుడు ఆపడానికి సైకిలు పంపులో ఆముదం పోసి గవర్నరు కడ్డీకి కట్టాడు. ఆముదంలో కదలాలంటే కడ్డీ నెమ్మదిగానే కదలాలి. ఇంజను నడుస్తుండగా స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుని విన్నాడు. మిల్లులో ఇరవయ్యేళ్లు అలాగే విన్నాడు. "ఇప్పుడు కుదిరింది మావా. ఇంక మీటరు సూడక్కర్నేదు, అత్త గొంతే మీటరు" అన్నాడు.

ఆ రోజే జగ్గమ్మ రాయించిన కార్డు వచ్చింది. అమ్మడికి విశాఖపట్నంలో పెద్దాస్పత్రిలో నర్సు చదువుకి సీటొచ్చింది. శుక్రవారం బయల్దేరుతోంది. మూడేళ్ల చదువు, అక్కడే ఉండాలి. "నిన్ను రమ్మని అది అనలేదు. నేను అంటున్నాను" అని ఆఖర్న ఉంది.

అప్పలసూరి కార్డు రెండుసార్లు చదివించుకున్నాడు. జ్వరంతో పోయిన తల్లి కోసం కూతురు నర్సు చదువుకి పోతోందని ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది. ఈ శుక్రవారం దాటితే అమ్మడు ఈ కోపం పట్టుకునే మూడేళ్లు చదువుతుంది, ఆపైన దాన్ని పట్టుకునే ఉద్యోగం చేస్తుంది. ఆమె వినాల్సింది తన నోటి మాట కాదు. దాలమ్మ ఆ మాట పూర్తి చెయ్యాలి, అమ్మడు కారులో ఉండగా చెయ్యాలి. ఆ మాట తనమీద తీర్పే అయినా సరేననుకున్నాడు.

శుక్రవారం పదకొండింటికి అప్పలసూరి ఎల్లాజీని ఎక్కించుకుని చీపురుపల్లి స్టేషను దగ్గరికి చేరాడు. మాటంతా అమ్మడి ముందే రావాలని దారిలో ఎక్కడా గొళ్లెం వెయ్యలేదు. అమ్మడు ఇనప ట్రంకు పక్కన నిలబడి ఉంది. జడ గట్టిగా బిగించి వేసుకుంది. తండ్రిని చూసి మొహం తిప్పుకుంది.

"నాను ఇక్కడే రైలెక్కుతాను పిన్నీ" అంది.

"విజయనగరం దాకా కారులో ఎల్లు. అక్కడ మెయిలెక్కు. నానూ వస్తాను" అంది జగ్గమ్మ.

"నాకక్కర్నేదు."

"మీ అమ్మ రెండేళ్లుగా ఒక్క మాట పట్టుకుని కూకున్నాది. ఇని ఎల్లవే."

అమ్మడు ట్రంకు పిడి గట్టిగా పట్టుకుంది. "పేటలో పూలమ్మికీ సెప్పింది, ఎరువుల కొట్టోడికీ సెప్పింది. నాకేటీ సెప్పనేదు. సచ్చిపోయినాక కూడా ఆ కారులోనే ఉండిపోనాది పిన్నీ. నా కాడికి రానేదు."

జగ్గమ్మ ట్రంకు ఎత్తి కారు మీద పెట్టేసింది. ఎల్లాజీ తాడు బిగించాడు. పెట్టె పోయాక అమ్మడు కూడా పోక తప్పలేదు. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది, మధ్యలో జగ్గమ్మ, ఆ చివర ఎల్లాజీ. ముందు సీటు ఖాళీగా ఉంది.

సంత రోజు. ఊరు దాటడానికే చాలాసేపు పట్టింది. బళ్లు, మేకలు, ఉల్లిపాయల బస్తాలు. వాళ్లంతా తప్పుకున్నాక అప్పలసూరి టాపు గేరు వేసి, ముల్లు ఇరవయ్యేడుకి రాగానే గొళ్లెం వేశాడు. తరవాత పెడలు మీద నుంచి కాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. కారు ఆగలేదు, జోరెక్కలేదు. వెనకనుంచి ఎల్లాజీ మెల్లగా, "రోడ్డు సూసుకో మావా, మిగతాది దాని పని" అన్నాడు.

గరివిడి రాకముందే దాలమ్మ "నా" అంది.

అమ్మడు ఉలిక్కిపడి ముందు సీటు వైపు చూసింది. మూడేళ్ల తరవాత వింటోంది ఆ గొంతు. పిన్ని చెయ్యి పట్టుకుంది. అరమైలు పోయాక "నే" వచ్చింది. ముందు మాంగనీసు రాయి మోసే లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ నింపాదిగా పోతోంది. అప్పలసూరి బ్రేకు జోలికి పోలేదు. కుడిపక్కకి తప్పించి, అంగుళం సందులోంచి దాన్ని దాటేశాడు. లారీవాడు ఏదో తిట్టాడు, ఆ తిట్టు వెనకబడిపోయింది.

"ఎ."

ఇంతవరకూ ఎవరూ వినని అక్షరం అది. అరమైలు. "ల్ల." ఇంకో అరమైలు. "మ." గుర్ల దాటుతుండగా "న్నా" అంది, ఊరి చివర రాళ్లకుప్ప దగ్గర "ను" అంది.

నానే ఎల్లమన్నాను.

రోడ్డు మసకబారింది. అప్పలసూరి భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. ఊహ కాదు. తలూపడమూ కాదు, కళ్లు మూసుకోవడమూ కాదు. నోటితోనే అంది. మూడేళ్లు తనని తను నమ్మకుండా బతికాడు, అంత బరువూ ఒక్కసారి దిగిపోయింది.

"మావా, రోడ్డు" అన్నాడు ఎల్లాజీ.

వెనకనుంచి అమ్మడు గొంతు వినిపించింది. "ఎవుల్ని?"

జగ్గమ్మ ఆమె వైపు తిరిగింది.

"ఎవుల్ని ఎల్లమన్నాది? పక్కింటి గంగుల్ని డాక్టరు కోసం ఎల్లమన్నాదేమో. నన్ను సదువుకి ఎల్లమన్నాదేమో."

"ఎవుల్నేటే, మీ అయ్యనే" అంది జగ్గమ్మ.

"నువ్వు సెప్పకు పిన్నీ. అమ్మ సెప్పనీ."

తన మాటకి ఇక్కడ విలువ లేదని అప్పలసూరికి తెలుసు. మైలు పోయింది, ఏమీ లేదు. రెండు మైళ్లు పోయాయి. అయిపోయిందేమో, ఆమె చెప్పాల్సింది అంతేనేమో అనుకున్నాడు. గవర్నరు తన పని తాను చేసుకుపోతోంది. ఎత్తొచ్చినా పల్లమొచ్చినా ముల్లు గోడకి కొట్టిన మేకులా ఉంది. మూడో మైలులో దాలమ్మ "అ" అంది.

అమ్మడు ముందుకి వంగింది. అయ్యని అనడానికి ఇంత ఎడం తీసుకుంది కాబోలని అందరూ అనుకున్నారు. తరవాతది "య్య" అవుతుందని, జగ్గమ్మ అయితే నోట్లో సిద్ధంగా పెట్టుకుంది. అయ్యని అంటే సరిపోయేది కూడా. ఇరవై రెండేళ్లూ దాలమ్మ అలాంటి మాటలతోనే సరిపెట్టుకుంది.

అరమైలు పోయాక వచ్చిన అక్షరం "ప్ప".

జగ్గమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పలసూరికి చెవులు గింగురుమన్నాయి. సరిగ్గా అప్పుడే నెల్లిమర్లలో జూట్ మిల్లు గంట కొట్టింది. షిఫ్టు దిగిన జనం, సైకిళ్లు, క్యారేజీలు రోడ్డు నిండా పరుచుకున్నారు. కాలు బ్రేకు మీదికి పోయింది, నైలాను తాడు బిగుసుకుంది.

"తొక్కకు మావా" అని ఎల్లాజీ కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగాడు. "తప్పుకోండి నాయినా, దాలమ్మత్త మాట మద్దెలో ఉన్నాది. తప్పుకోండి."

మాట్లాడే కారు కబురు ఆ రోడ్డు మీద కూడా అందరికీ తెలుసు. ముందున్నవాళ్లు వెనకవాళ్ల భుజాలు తట్టారు. సైకిళ్లవాళ్లు దిగి, సైకిళ్లని వాలుకి తోసేశారు. జనం రెండుపక్కలకీ చీలి దారిచ్చారు. ఒక ముసలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ దారి మధ్యలోంచి మోరిస్ ఇరవయ్యేడు మైళ్లతో సాగిపోతూ ఉంటే, అందరూ వింటుండగా, దాలమ్మ "ల" అంది.

చంపావతి వంతెన మీద "సూ" అంది. వంతెన దాటి, సరుగుడు తోట పక్కన "రి" అంది. దూరంగా విజయనగరం కోట గోడ కనిపిస్తుండగా "ని" అంది.

అప్పలసూరిని. పొద్దు అని సరిపెట్టలేదు, ఆయన్ని అని తప్పించుకోలేదు. సాక్ష్యం చెప్పేవాళ్లు చెప్పినట్టు, పేరు పెట్టి, కూతురి ఎదురుగా చెప్పింది. ఆ పేరు అంత బాగుంటుందని అప్పలసూరికి యాభై ఏళ్లలో తెలియదు. ఇంకోసారి వినాలని ప్రాణం కొట్టుకుంది. ముల్లు ఇరవయ్యేడు మీదే ఉంది. ఇలాగే పోతూ ఉంటే మళ్లీ అంటుందేమో, ఇంకేమైనా అంటుందేమో.

"అయ్యా" అంది అమ్మడు.

ఆ పిలుపు విని మూడేళ్లయింది.

"అయ్యా, ఆపు."

అప్పలసూరి ఖాళీ సీటు వైపు ఒకసారి చూశాడు. తరవాత బరువైన కాలెత్తి బ్రేకు తొక్కాడు. తాడు బిగుసుకుని, గొళ్లెం టక్కున ఊడింది.

అమ్మడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పిడి తిప్పింది. కారెక్కనని రెండేళ్లు భీష్మించుకున్నా, ఆ తలుపు సంగతి మాత్రం మరచిపోలేదు. దిగి, ముందుకొచ్చి, కొంగుతో సీటు తుడిచి తల్లి స్థలంలో కూర్చుంది. ఏడ్చినట్టు మొహం మీద చారలున్నాయి. తుడుచుకోలేదు.

"ఎందుకు సెప్పనేదు నువ్వు?"

"నాకే రూఢిగా తెల్దే అమ్మా."

అమ్మడు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. "ఇంక పోనీ" అంది.

అతని చెయ్యి అలవాటుగా గొళ్లెం మీదికి పోయింది. "ఎంతలో పోనిమ్మంటావు?"

"మెయిలు తప్పిపోతాది. బేగి పోనీ."

అప్పలసూరి గొళ్లెం మీద నుంచి చెయ్యి తీసేశాడు. కాలు పెడలు మీద మోపి తొక్కాడు. ముల్లు ఇరవై దాటింది, ఇరవై ఐదు దాటింది. ఇరవయ్యేడు దగ్గర ఒక్క క్షణం చెవిపెట్టి విన్నాడు. కాలు మాత్రం తియ్యలేదు. ముల్లు దాన్ని కూడా దాటి ముప్పై మీదికి పోయింది. వెనక ఎల్లాజీ ఏదో అనబోతే జగ్గమ్మ మోచేత్తో పొడిచింది.

"కడుపులో తిప్పతందేటే?" అన్నాడు అప్పలసూరి.

"నేదు." అమ్మడు వంగి అతని కుడికాలు చూసింది. మోకాలి కింద చెయ్యి వేసి నొక్కి చూసింది, వేళ్లు దిగినచోట గుంటలు పడ్డాయి. "ఇది ఎవులికైనా సూపించేవా?"

"దీనికేటి సూపించడం. అందరికీ ఉన్నదే."

"సోమవారం విశాపట్నం తీసుకురా. నానుంటాను కదా అక్కడ."

కారు నలభై మైళ్లతో పోతోంది. కిటికీలోంచి గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు. అప్పలసూరి రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, "ఎన్నింటికి రమ్మంటావు?" అని అడిగాడు.